అరవై సెంట్ల జీడితోట

పలాసలో మమ్మల్ని ఉన్నవాళ్లనే అంటారు. కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో రెండు షాపులు, లీజుకిచ్చేసిన జీడి ఫ్యాక్టరీ, వజ్రపుకొత్తూరు వైపు నాలుగెకరాల తోట. పోర్చుగల్ వెళ్లిపోతున్నామని చెప్తే ఊళ్లో సగం మంది నమ్మలేదు, మిగతా సగం ఏదో అప్పుల గొడవ అనుకున్నారు. అప్పులూ లేవు, ఏమీ లేదు. ఒక్కగానొక్క కూతురు లిస్బన్‌లో ఉంటోంది, దానికో పాప. అంతే.

"అయితే అల్లుడింట్లో ఉంటారేటి?" అని మా ఆడపడుచు మొహం మీదే అడిగింది. ఆ ప్రశ్న ఎలాగూ వస్తుందని తెలిసే లిస్బన్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న సెతూబల్‌లో మాకు వేరే ఫ్లాట్ మాట్లాడుకున్నాం.

మొదట గోల్డెన్ వీసా అన్నారు, అంటే అక్కడ పెట్టుబడి పెట్టినవాళ్లకి ఇచ్చే నివాస అనుమతి. 2023 వేసవిలో హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంట్ ఏసీ గదిలో కూర్చోబెట్టి, "అక్కడ ఇల్లు కొనండి మేడమ్, ఏడాదికి సగటున ఏడు రోజులుంటే చాలు" అన్నాడు. అడ్వాన్సు ఫీజు కట్టేశాం. ఆ అక్టోబరులోనే పోర్చుగల్ చట్టం మార్చి, ఇల్లు కొంటే వీసా అనే దారి మూసేసింది. ఇక మిగిలిన పెద్ద దారి 5 లక్షల యూరోలు ఫండ్‌లో పెట్టడం. మన రూపాయల్లో నాలుగు కోట్ల పైమాట. పోనీ అనుకున్నా, రిజర్వ్ బ్యాంక్ లెక్కలో మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో బయటికి పంపగలిగేది రెండున్నర లక్షల డాలర్లు. మా ఇద్దరిదీ కలిపినా ఆ యూరోలకి చాలదు. మార్చి 31కి ముందొకసారి, తర్వాతొకసారి పంపాలి. పైగా అప్పట్లో ఏడు లక్షలు దాటిన సొమ్ము మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను ఇరవై శాతం పట్టుకునేది. రిటర్నులో సర్దుబాటు అవుతుందనుకోండి, కానీ అప్పటిదాకా మన డబ్బు మన దగ్గర ఉండదు కదా. మా ఆయన అంతా విని, "మొహం తెలియని ఫండ్‌లో పెట్టడానికా ముప్పై ఏళ్లు జీడి పొగ పీల్చాను?" అన్నారు. ఆ మాటతో అది ముగిసింది. కన్సల్టెంట్ ఫీజు మాత్రం ఇవాళ్టికీ రాలేదు, ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నారండీ" అని ఒక అమ్మాయి చెప్తుంది.

చివరికి మాకు సరిపోయింది డీ7 అనే వీసా. ఉద్యోగం చేయకుండా అద్దెలు, పింఛన్ల మీద బతికేవాళ్లకి ఇచ్చేది. 2024లో మేం పెట్టినప్పుడు నెలకి ఒకరికి 820 యూరోలు, భార్యకో భర్తకో దానిలో సగం, ఆదాయం చూపిస్తే చాలు. అంటే ఇద్దరికీ లక్షా పది వేల రూపాయల చిల్లర. కోట్లు పెడితే దొరుకుతుందన్నది షాపుల అద్దెతో దొరికింది! ఈ సంగతి ఆ కన్సల్టెంట్ ఒక్కసారీ ఎత్తలేదు. అక్కడి ట్యాక్స్ నంబరు, బ్యాంకు ఖాతా, ఇంటి అగ్రిమెంటు, విశాఖ నుంచి పోలీస్ క్లియరెన్స్, ఇవన్నీ తిరిగితే అయ్యే పనులే. అయ్యాయి.

అవనిది పెళ్లి సర్టిఫికెట్.

మా పెళ్లి 1990 మేలో, మా నాన్నగారింటి వాకిట్లో తాటాకు పందిరి కింద. రిజిస్ట్రేషన్ అనే మాటే ఎవరికీ తట్టలేదు. ముప్పై నాలుగేళ్ల తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి బెంచీ మీద కూర్చున్నాం. మా ముందు ఒక కొత్త జంట, అమ్మాయి మెళ్లో పసుపుతాడు ఇంకా తడిగానే ఉన్నట్టుంది. "ఎవరి పెళ్లమ్మా, మీ బాబుదా, పాపదా?" అని మర్యాదగా అడిగింది. మా ఆయన "మాదేనమ్మా" అన్నారు. పాపం ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక మొగుడి భుజం చాటుకెళ్లింది.

పెళ్లికార్డు మా అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. నాలుగు మూలలా పసుపు అలాగే ఉంది, గోరుతో గీకితే రాలుతుందేమో అని కవర్లో పెట్టి పట్టుకెళ్లాను. క్లర్కు కార్డు చూశాడు, నా పదో తరగతి సర్టిఫికెట్ చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. కార్డులో నా పేరు చివర 'కుమారి' ఉంది, సర్టిఫికెట్‌లో లేదు. పాస్‌పోర్టులో మా పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. "ఈ ముగ్గురూ ఒక్కరేనాండీ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నోటరీ అఫిడవిట్ రాయించి, మరిదినీ ఆడపడుచునీ సాక్షి సంతకాలకి రప్పించి, నాలుగోసారి వెళ్తే కాగితం చేతికొచ్చింది. దాని మీద అపోస్టిల్, అంటే పరాయి దేశంలో చెల్లేలా వేసే ముద్ర, పడటానికి మరో నెలన్నర. ఆస్తి కాగితాలకి ఇంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు నేను.

2025 మొదట్లో సెతూబల్‌లో దిగాం. వీసా నాలుగు నెలలకే ఇస్తారు, అక్కడికెళ్లాక ఐమా అనే వలసల ఆఫీసు రెండేళ్ల నివాస కార్డు ఇవ్వాలి. ఆ ఆఫీసు దగ్గర లక్షల్లో దరఖాస్తులు పేరుకుపోయాయని పేపర్లలో చదివి భయపడ్డాం గానీ, మాది ఎలాగో గట్టెక్కింది.

ఊరు బాగుంటుంది. సాదో నది సముద్రంలో కలిసే చోటు, చేపల మార్కెట్టుకి మంచి పేరు. చేపలమ్మే ఆవిడ కేకలు వింటే మన బారువ తీరం గుర్తొస్తుంది. ఇంటిపని మొత్తం నాదే. ఇన్నేళ్లూ పొద్దున్నే గేటు తీసి పాతికమంది ఆడవాళ్లకి పని చెప్పిన దాన్ని, ఇప్పుడు నా బాత్రూం నేనే తోముకుంటున్నాను. మొదటివారం ఏడ్చాను. రెండోవారం మంచి బ్రష్ కొన్నాను.

సూపర్ మార్కెట్‌లో తిరుగుతుంటే పైనాపిల్ కుప్ప మీద 'అనానాస్' అని బోర్డు. మన అనాసే! మేస్త్రీ, బొత్తాం, బొప్పాయి, ఇవన్నీ వీళ్ల దగ్గర్నుంచి మనకి వచ్చిన మాటలేనని మా అల్లుడు చెప్పాడు. జీడిమామిడి కూడా వీళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చి మన దేశంలో నాటిందే. అంటే నాలుగు వందల ఏళ్లకి పైగా కిందట వీళ్లు ఓడలో తెచ్చిన చెట్టు మీద బతికి, ఆ డబ్బుతో వీళ్ల ఊరికే వచ్చామన్నమాట.

అందుకేనేమో, ఆ రోజు 'కాజూ' అని రాసున్న రెండు వందల గ్రాముల ప్యాకెట్ కొనకుండా రాలేకపోయాను. ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి ఒంపాను. తినడానికి కాదు, లెక్కపెట్టడానికి. పది పదిగా వరసలు పేర్చాను. నూట నలభై గుండ్లు, నాలుగు బద్దలు. పౌనుకి మూడు వందల ఇరవై దాకా, అంటే వ్యాపారంలో డబ్ల్యూ 320 అనే రకం. రెండు గుండ్ల మీద పొట్టు అంటుకుని ఉంది, ఒకటి మాడింది. మా షెడ్డులో అయితే ఆ మూడూ పక్కన పడేవి. మా ఆయన వచ్చి వరసలు చూసి, ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, మాడినది నోట్లో వేసుకున్నారు. "ఆఫ్రికా పిక్క" అన్నారు. ఇక్కడికొచ్చాక ఆయన గొంతులో అంత ధీమా వినడం అదే మొదలు.

ఇక్కడ ఉన్నందుకు అక్కడ కూడా మనిషి మారిపోతాడని మాకు ఎవరూ ముందు చెప్పలేదు. బ్యాంకు ఖాతాలు ఎన్నార్వో, అంటే విదేశంలో ఉండేవాళ్ల ఖాతాలు, అయ్యాయి. మా షాపులో అద్దెకున్న బట్టల వ్యాపారి ఇకమీదట అద్దెలో ముప్పై ఒక్క శాతం పైన టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి, దానికి ఆయన పన్ను కోసేవాళ్లకి ఇచ్చే ట్యాన్ నంబరు తీసుకోవాలి, మూడు నెలలకోసారి ఫారం వెయ్యాలి. "అమ్మా, మీరు ఫారిన్ ఎల్తే నాకేటమ్మా ఈ గొడవ?" అని ఫోన్లో మొత్తుకున్నాడు. న్యాయమే. ఆయన ఆడిటర్ ఖర్చు మేమే పెట్టుకుంటున్నాం.

అసలు దెబ్బ మొన్న ఆగస్టులో తగిలింది. మరిది ఫోన్ చేశాడు. "ఒదినా, మన గట్టు పక్క అరవై సెంట్లూ అమ్మీస్తన్నాడట."

ఆ అరవై సెంట్ల కోసం మా మావయ్యగారు బతికున్నన్నాళ్లూ అడిగారు. ఆ పక్క తోటవాళ్లు ఇవ్వలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా నాలుగెకరాల్లో జీడి, కొబ్బరి ఒక్కటి నిలవలేదు. తెల్లారాక వెళ్తే మా తోట లోంచి సముద్రం వైపు ఆకాశం కనిపించింది, అంతకుముందు ఎప్పుడూ కనపడేది కాదు. ఆ గట్టు పక్కన మాత్రం వాళ్ల ముసలి జీడిచెట్టు ఒకటి సగం కొమ్మలు విరిగి అలాగే నిలబడింది. మరుసటి ఏడాది అంటు మొక్కలు నాటించినప్పుడు కూలీలూ మేమూ సద్ది తిన్నది దాని నీడనే. వేరే నీడ లేదు మరి.

వెంటనే మా ఆడిటర్‌కి ఫోన్ చేశాను. విదేశంలో ఉండేవాళ్లు ఉన్న వ్యవసాయ భూమి ఉంచుకోవచ్చు, వారసత్వంగా రావచ్చు, కొత్తగా కొనకూడదు అన్నారు. మా అమ్మాయి పేరున? అదీ ఎన్నారైయే. "నా పేరున కొనీ ఒదినా, నీకన్నా నాకెవరున్నారు" అన్నాడు మరిది. అది బినామీ అవుతుందమ్మా, వద్దు అన్నారు ఆడిటర్. ఆ రాత్రి మా ఆయన నన్నేమీ అనలేదు, అలాగని నిద్రా పోలేదు. సెతూబల్‌లో ఫ్లాట్ కావాలంటే రేపు కొనుక్కోవచ్చు, ఎవరూ అడగరు.

బరంపురం ఆయనెవరో కొన్నారట. పోయినవారం మరిది ఫొటో పెట్టాడు. గట్టు పొడుగునా కొత్త సిమెంటు స్తంభాలు పాతారు, ముళ్లతీగ ఇంకా కట్టలేదు. ముసలి చెట్టు కింద ఎవరో క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు. ఎవరని అడిగాను.

"తెలీదొదినా, కొత్తాయన మనిషై ఉంటాడు" అన్నాడు.