నిలబెట్టి తీసేదాకా నా ఎక్స్‌రే నార్మలే

ఆపరేషన్ తర్వాత కాలికి వేసిన రక్షణ బూటు మొన్నే తీసేశారు. ఇప్పుడు మామూలు షూ వేసుకుని, లోపల అరికాలి వంపు కింద మెత్త పెట్టుకుని, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. నడక వచ్చిందన్న సంతోషం ఉంది కానీ, పాదం లోపలి దెబ్బని బెణుకని పంపేసిన డాక్టరు మీద కోపం మాత్రం తగ్గలేదు. తగ్గకముందే రాసేయాలని కూర్చున్నాను.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. వాన పడిన రోజు స్కూలు మెట్లు దిగుతుంటే కాలు జారింది. వేళ్లు నేలకు నొక్కుకుపోయి మడమ పైకి లేచింది. ఒంటి బరువంతా అలా నిలువుగా ఉన్న పాదం మీద పడి, పాదం పక్కకి మెలి తిరిగింది. లోపల టప్పుమని తెగినట్టు నాకు స్పష్టంగా తెలిసింది. ఆ మాట మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను.

తోటి టీచరు ఆటోలో ఒక ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఓపీ చీటీ, ఎక్స్‌రే, అన్నీ గంటలో అయిపోయాయి. బల్ల మీద పడుకోబెట్టి తీశారు. డాక్టరుగారు ఫిల్ముని లైటు ముందు పెట్టి చూసి, "ఎముక విరగలేదమ్మా, బెణుకే. క్రేప్ బ్యాండేజీ కట్టుకోండి, ఐస్ పెట్టండి, అయిదు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నారు. నా కాలు కుర్చీ మీదే ఉంది. ఆయన దాని వైపు తిరగలేదు, వేలు పెట్టి చూడలేదు.

"సార్, పాదం ముందుభాగం నేలకి ఆనించలేకపోతున్నాను" అన్నాను.

"ఏదీ, నడవండి చూద్దాం" అన్నారు.

గది తలుపు తెరిచే ఉంది. బయట బెంచీల నిండా జనం. వాళ్లలో మా స్కూలు పిల్లాడి తండ్రి కూడా ఉన్నాడు. గోడ పట్టుకుని, మడమ మీద మాత్రమే బరువు వేసి, వేళ్లు పైకెత్తి తలుపు దాకా వెళ్లి వచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన పెన్ను మూత పెడుతూ, "నడుస్తున్నారుగా! మీకు సెలవు కావాలంటే నేరుగా అడగండి, రాసిస్తాను. దానికి ఇదంతా ఎందుకు?" అన్నారు. పక్కనున్న కాంపౌండరు నవ్వాడు. బయట బెంచీ మీద కూడా ఎవరో నవ్వారు.

పదిహేనేళ్లకు పైగా టీచరుగా ఉన్నాను. జ్వరంతో కూడా వెళ్లి పబ్లిక్ పరీక్షలకు పిల్లల్ని సిద్ధం చేశాను. లెక్కల్లో తప్పిన నా పిల్లలు ఎంతమందో వేళ్ల మీద చెప్పొచ్చు. అలాంటి నన్ను, మా పిల్లాడి తండ్రి ముందు, సెలవు కోసం నాటకమాడే మనిషిని చేశారు. కాలు నొప్పి కొన్నాళ్లకు మరిచిపోతానేమో గానీ ఆ తలుపు దాకా నడిచిన నడక మరిచిపోలేను.

అంతటితో అయిపోలేదు. రెండు రోజులకి కట్టు విప్పి స్నానం చేస్తుంటే మా అమ్మాయి "అమ్మా, అరికాలు చూడు" అంది. అరికాలి మధ్యలో, వంపు దగ్గర, నేరేడుపండు రంగులో అరచేయంత మచ్చ. ఫోటో తీయించుకుని మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లాను. ఆయన ఫోన్లో ఫోటోని ఒక్క క్షణం చూసి, "రక్తం కిందికి దిగుతుంది, మామూలే" అని మాత్రలు మార్చారు. ఎక్స్‌రే మళ్లీ తీస్తారా అంటే, "నార్మల్ వచ్చినదాన్ని ఎన్నిసార్లు తీస్తాం?" అన్నారు.

స్కూల్లో హెచ్చెమ్‌గారికి ఆ చీటీ ఇస్తే అందులో ఉన్నది 'బెణుకు, అయిదు రోజుల విశ్రాంతి' అని. ఆరో రోజు నుంచి రెండో అంతస్తులో క్లాసులు. కింద గదిలో క్లాసు ఇప్పించమని అడిగితే, "చీటీలో అలా లేదు కదా మేడమ్" అన్నారు. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. స్టాఫ్ రూమ్‌లో నేను వినేలాగే ఒకావిడ, "బెణుక్కి ఇంత హడావుడా" అంది. ఇంట్లో మా వారు కూడా ఒకసారి, "డాక్టరే ఏం లేదంటున్నాడు కదా, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావేమో" అన్నారు. ఎదురింటి పిన్నిగారు పుత్తూరు కట్టు వేయించుకోమన్నారు. నమ్మిన మనిషి మా అత్తయ్య ఒక్కరే. "నొప్పి లేందే నువ్వు కూర్చుని కూర తరగవు, నాకు తెలుసు. విజయవాడ వెళ్లు" అన్నారు.

విజయవాడలో మా అన్నయ్య ఉన్నాడు. సూర్యారావుపేటలో పాదం, చీలమండ ఆపరేషన్లు ఎక్కువగా చేసే డాక్టరుగారి దగ్గర చూపించాడు. ఆయన మా ఫిల్ము కవరు పక్కన పెట్టి, ముందు సాక్సు తీయమన్నారు. కాలు ఆయనే తన మోకాలి మీద పెట్టుకుని అరికాలు తిప్పి చూశారు. మచ్చ అప్పటికి పసుపు రంగుకు తిరిగింది, కానీ ఆనవాలుంది. ఫోటో చూపించాను. ఆయన బొటనవేలితో పాదం పైభాగాన, సరిగ్గా మధ్యలో ఒకచోట నొక్కారు. నేను కేక పెట్టాను. "ఇక్కడేనా?" అన్నారు. తర్వాత రెండో వేలి ఎముకని పట్టుకుని, హార్మోనియం మెట్టు నొక్కినట్టు పైకీ కిందికీ కదిపారు. అదే చోట నొప్పి. "చీలమండ బాగానే ఉందమ్మా. దెబ్బ పాదం మధ్యలో ఉంది. నిలబెట్టి రెండు కాళ్లకీ ఎక్స్‌రే తీయిద్దాం. మీ బరువు పడితేనే అది బయటపడుతుంది" అన్నారు.

రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, ఓర్చుకోగలిగినంత బరువు వేసి నిలబడ్డాను. ఫిల్ము వచ్చాక తెర మీద స్కేలు పెట్టి చూపించారు. ఎడమ పాదంలో బొటనవేలి వరస ఎముకకీ రెండో వేలి ఎముకకీ వెనక కొసల దగ్గర సందు లేనట్టే ఉంది. దెబ్బ తగిలిన కుడి పాదంలో సందు కనిపిస్తోంది. రెండు మిల్లీమీటర్లు దాటితే లోపలి లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగి ఎముకలు దూరమవుతున్నట్టు అనుమానించాల్సిందేనట. నాది అంతకు ఎక్కువే ఉంది. లెక్కలు చెప్పేదాన్ని, మిల్లీమీటరు తేడా అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించక్కర్లేదు. అక్కడే ఏడ్చేశాను. అన్నయ్య నొప్పనుకున్నాడు. కాదు, నేను అబద్ధం చెప్పలేదని తెర మీద రాసి ఉంది.

దీన్ని లిస్‌ఫ్రాంక్ దెబ్బ అంటారు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి సర్జన్ జాక్ లిస్‌ఫ్రాంక్ పేరు అది. ఆయన ఈ కీలు దగ్గర పాదాన్ని తీసేసే ఆపరేషన్‌ని వివరించాడు, అందుకని కీలుకి ఆయన పేరు వచ్చింది. మన పాదంలో 26 ఎముకలుంటాయి. వేళ్ల వైపు వెళ్లే అయిదు పొడుగు ఎముకలు వెనకున్న చిన్న ఎముకలతో కలిసేచోటు ఇది. రెండో పొడుగు ఎముక వెనక కొస మూడు చిన్న ఎముకల నడుమ సందులో ఇరుక్కుని కూర్చుంటుంది. ఒకటో ఎముకకీ రెండో ఎముకకీ మధ్య నేరుగా లిగమెంటు ఉండదు. బొటనవేలి వైపున్న చిన్న ఎముక నుంచి రెండో ఎముక వెనక కొసకి ఏటవాలుగా వెళ్లే ఒక్క లిగమెంటే ముఖ్యమైన ఆధారం. అది తెగితే అరికాలి వంపు నిలవదు. పడుకున్నప్పుడు బరువు లేదు కాబట్టి ఎముకలు సర్దుకుని కూర్చోవచ్చు, ఎక్స్‌రే నార్మల్ రావొచ్చు. మొదటిసారి చూసినప్పుడు ఇలాంటి దెబ్బల్లో అయిదింటికి ఒకటి దాకా తప్పిపోతాయని వైద్య పుస్తకాల్లోనే ఉందట. అరికాలిలో ఆ నీలం మచ్చ కూడా ఈ దెబ్బకు పేరున్న గుర్తే.

ఆ 'నడవండి చూద్దాం' గురించి కూడా విజయవాడ డాక్టరుగారిని అడిగాను. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో నియమాలు ప్రచురించారట. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ ఆసుపత్రిలోనూ, రెండుసార్లూ నాలుగడుగులు వేయలేకపోతే, లేదా ఫలానా ఎముకల మీద నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే తీయాలి. ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చడానికే ఆ అడుగులు. మనిషి నడిచింది కాబట్టి లోపల ఏమీ తెగలేదని చెప్పడానికి కాదు. మడమ మీద ఎవరైనా నడవగలరు. నొప్పి ఉందని చెప్పే మనిషిని ముందు తాకి చూడాలి. తాకడానికి ఖర్చేముంది? మనకి ఫిల్ము చూసే డాక్టర్లు ఎక్కువయ్యారు, కాలు చూసే డాక్టర్లు తగ్గిపోయారు. ఆడమనిషి నొప్పంటే ఇంకా చులకన.

సీటీ స్కాన్‌లో రెండో ఎముక దగ్గర చిన్న ముక్క ఊడినట్టు కూడా కనిపించింది. ఆపరేషన్ తప్పదన్నారు. మామూలుగా అయితే వాపు దిగి చర్మం మీద ముడతలు కనపడేదాకా ఆగుతారు, లేకపోతే కుట్లు మానవు. నాకు ఆ వాపు గుంటూరులోనే దిగిపోయింది కాబట్టి త్వరగానే తేదీ ఇచ్చారు. ఇంకా నెలలు గడిచి కీలు అరిగిపోయి ఉంటే, సరిచేయడం కుదరక ఎముకల్ని శాశ్వతంగా అతికించేయాల్సి వచ్చేదట.

ఆపరేషన్ తేలిక. నడుముకి మత్తు ఇచ్చారు, స్క్రూలూ చిన్న ప్లేటూ వేశారు, మరుసటి రోజు కాలు దిండ్ల మీద పెట్టుకుని ఇడ్లీ తిన్నాను.

మళ్లీ పీడించింది ఇన్సూరెన్సు. మా వారి కంపెనీ పాలసీ. క్యాష్‌లెస్‌కి పంపితే, 'మొదటి చీటీలో బెణుకు అని ఉంది, ఆపరేషన్ ఎందుకు?' అని ప్రశ్న. ఆ ఒక్క మాట నన్ను ఇక్కడిదాకా వెంటాడింది. డాక్టరుగారు రెండు కాళ్ల ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టు జతచేసి ఉత్తరం రాస్తే సాయంత్రానికి ఒప్పుకున్నారు. అందుకే చెబుతున్నాను, చీటీ మీద ఏం రాశారో అక్కడే నిలబడి చదవండి. నొప్పి ఎక్కడుందో కూడా రాయించండి. అరికాలిలో మచ్చ కనపడితే రోజూ ఫోటో తీయండి. 'నిలబెట్టి, రెండు కాళ్లకీ' అని మీరే అడగండి. డాక్టరు విసుక్కుంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి, విజయవాడ ఎంతో దూరం కాదు.

తర్వాత చాలా వారాలు కాలు నేలకు ఆనించకూడదు. వాకరుతో ఒంటికాలి మీద గెంతడం ఆపరేషన్ కన్నా కష్టం. చిన్న స్నానాల గది ఉన్నవాళ్లు ముందే ప్లాస్టిక్ కుర్చీ, గోడకి పట్టుకునే రాడ్డు పెట్టించుకోండి. ఫిజియో చెప్పిన వ్యాయామాలు మా అమ్మాయి దగ్గరుండి చేయించింది. సాయంత్రానికి ఇప్పటికీ వాపు వస్తుంది. ఏడాది దాకా అలాగే ఉండొచ్చని చెప్పారు.

స్క్రూలూ ప్లేటూ తీయడానికి సంక్రాంతి సెలవుల్లో చేరమన్నారు. వచ్చే సోమవారం స్కూల్లో చేరుతున్నాను. హెచ్చెమ్‌గారికి డిశ్చార్జి పేపర్లతో పాటు ఆ నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కాపీ కూడా పంపాను. క్లాసులు కింది గదిలోకి మార్చారు. కోత పెట్టిన జీతం సంగతి ఇంకా తేల్చలేదు. దానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను, జవాబు కూడా రాతపూర్వకంగానే అడిగాను.