తేదీలు లేని కాగితంపై నిమ్మ ధర

నిమ్మ ధర పది రోజులు కదలకుండా కూర్చుని, రెండు రోజుల్లో దుమ్ము లేపుతుంది. రోజుకో చుక్క పెట్టే గ్రాఫులో మాత్రం ఆ పది రోజులే చోటంతా తినేస్తాయి. పాయింట్ అండ్ ఫిగర్ చార్టులో తేదీల గీత ఉండదు. ధర కదిలితేనే గుర్తు, లేకపోతే కాగితం ముట్టుకోం.

గళ్ల నోటుబుక్కు, పెన్సిలు చాలు. పొదలకూరు యార్డుదో, గూడూరుదో, ఒకే మార్కెట్లో ఒకే రకం కాయకు పలికిన కిలో ధర తీసుకోండి. ఇవాళ మేలు కాయ, రేపు నాసి కాయ ధర రాస్తే చార్టు మొదట్లోనే చెడుతుంది. గడికి 5 రూపాయలు అనుకుందాం. పెరిగితే ఎక్స్, తగ్గితే సున్నా. ఒక నిలువు వరసలో ఒకటే గుర్తు. వరస మారాలంటే ధర మూడు గళ్లు, అంటే 15 రూపాయలు వెనక్కి రావాలి.

ధర 60లో ఉందనుకోండి. 62 అయితే ఏమీ రాయం. 66 అయితే 65 గడిలో ఎక్స్. 79 దాకా పోతే 70, 75 గళ్లలో కూడా ఎక్స్. 80 గడి ఖాళీయే. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. రూపాయే కదా అని 80లో ఎక్స్ వేసేస్తారు. అలా వేస్తే ధర 65కి దిగగానే పడిపోతోందని చార్టు చెబుతుంది. అసలు పై గడి 75 కాబట్టి, 60కి దిగితేనే మలుపు. అప్పుడు పక్క వరసలో ఒక గడి కిందనుంచి, 70, 65, 60 గళ్లలో సున్నాలు వేయాలి.

రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరలు రెండూ దొరికితే, ఎక్స్ వరసలో ముందు గరిష్ఠం చూడండి. కొత్త ఎక్స్ పడితే ఆ రోజు కనిష్ఠాన్ని వదిలేయాలి. సున్నాల వరసలో దీనికి తిరగేసి. నెలలో మొదటి గుర్తు బదులు నెల సంఖ్య వేస్తే కాలం జాడ కూడా మిగులుతుంది.

20 రూపాయల ధరకు 5 అంటే పావు వంతు, 150కి లెక్కే కాదు. ఏడాది పొడవునా గీయాలంటే గడిని శాతాల్లో పెట్టుకోవడమే మేలు.

షేర్లకు ఫోన్లో రెంకో (ఇదీ తేదీలు పట్టించుకోకుండా, ధర ఒక మేర కదిలినప్పుడల్లా ఒక ఇటుక పేర్చే చార్టే) చూసేవాళ్లు ఇంకోటి గమనించాలి. ఇటుక సైజును, ధర సగటున ఎంత ఊగుతోందో చెప్పే ఏటీఆర్‌కు వదిలేస్తే, ఆ లెక్క మారినప్పుడల్లా పాత ఇటుకలూ మారిపోతాయి. నిన్న కనబడిన మలుపు ఇవాళ ఉండదు. సైజు మీరే స్థిరంగా పెట్టండి. ఉదయం మార్కెట్ నిన్నటి ధరకు దూరంగా, గ్యాప్‌తో తెరుచుకుంటే మూడు ఇటుకలు ఒకేసారి పడొచ్చు. మధ్య ఇటుక దగ్గర కొన్నట్టు లాభం లెక్కేయకండి, ఆ ధరకు అక్కడ అమ్మినవాడే లేడు.