మడిగె కిరాయి పెంచాలంటే ముందు నా పేరు ఎక్కాలి: నా అనుభవం

లీజు డీడ్ నిన్ననే రిజిస్టర్ అయింది. వివరాలు మర్చిపోకముందే రాసిపెడదామని కూర్చున్నాను. భర్త పోయాక ఇల్లో, మడిగెనో తామే చూసుకోవాల్సి వచ్చిన ఆడవాళ్లకు ఇది పనికొస్తుంది.

మాది నల్లగొండ జిల్లాలో ఒక మున్సిపాలిటీ పట్టణం. మెయిన్ రోడ్డు మీద ఇంటి ముందు రెండు మడిగెలున్నాయి. పెద్దదాంట్లో ఎరువులు, విత్తనాల దుకాణం. కిరాయి నెలకు 6,000. అంతే సైజువి మా లైన్లోనే 12,000కు పోతున్నాయి. మా వారు ఉన్నప్పుడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలల అగ్రిమెంటు రాయించారు. గడువు అయిపోయినా అదే నడుస్తూ వచ్చింది. ఆయన పోయిన ఏడాదికి నేను 10,000 చేయమని అడిగాను.

"సారు ఉన్నప్పుడు మాట్లాడుకున్న కిరాయి ఇది మేడం. కాయితం మీద సారు పేరే ఉన్నది. మీ పేరు ఏడున్నది?" అన్నాడు కిరాయిదారు. యూరియా కోసం వచ్చిన రైతులు చుట్టూ నిలబడి వింటున్నారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, కానీ ఆ ప్రశ్నకు జవాబుగా చూపించే కాగితం నా దగ్గర లేదు.

వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన విషయం చక్కగా విడమరచి చెప్పారు. రెంట్ కంట్రోల్ (కిరాయి పెంచడాన్ని, ఖాళీ చేయించడాన్ని కట్టడి చేసే చట్టం) అనగానే జనం భయపడతారు కానీ, 1960 నాటి ఆ చట్టానికి 2005లో సవరణ వచ్చాక, మున్సిపాలిటీల్లో అప్పటికే నెలకు 2,000 దాటిన కిరాయిలు దాని కిందికి రావట. మాది అప్పటికే అంతకంటే ఎక్కువ. కాబట్టి మాకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అగ్రిమెంటు గడువు తీరి నెలనెలా నడుస్తున్న కిరాయి అయితే ఖాళీ చేయమని 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వొచ్చు. "వారసురాలిగా నోటీసు మీరే ఇవ్వొచ్చమ్మా. కానీ కొత్త లీజు రిజిస్టర్ చేయాలంటే పన్ను రశీదు మీ పేరు మీదికి రావాలి. ముందు ముటేషన్, అంటే మున్సిపాలిటీ పన్ను రికార్డులో పేరు మార్పు, చేయించుకోండి" అన్నారు.

డెత్ సర్టిఫికెట్ ఇంట్లోనే ఉంది. కుటుంబంలో ఎవరెవరున్నారో చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు పెట్టాను. ఇక్కడిదాకా కష్టమేమీ లేదు.

తర్వాత ఆ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు నుంచి విచారణకు వచ్చారు. పద్ధతి ప్రకారం ఇరుగుపొరుగు వాళ్ల సంతకాలతో పంచనామా రాస్తారని నాకు తెలుసు. కానీ వచ్చినాయన నన్ను గేటు దగ్గర నిలబెట్టి, ఎదురింటి వాళ్లను "ఈమె నిజంగా ఆయన భార్యేనా? ఇంకో పెళ్లి ఏమన్నా ఉందా?" అని రోడ్డు మీద అందరికీ వినిపించేలా అడిగాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ వీధిలో కాపురం చేసినదాన్ని. ఆ అడగాల్సిందేదో ఇంట్లో కూర్చుని, నెమ్మదిగా అడగొచ్చు. చట్టంలో ఎక్కడా వీధిలో నిలబెట్టి అడగమని లేదు. ఎదురింటి పెద్దావిడ సంతకం పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాకు నోట మాట రాలేదు.

సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని పట్టుకుని మున్సిపల్ ఆఫీసులో ముటేషన్ కౌంటర్‌కు వెళ్తే అసలు చిక్కు అక్కడ మొదలైంది. పన్ను రశీదులో మా వారి పేరు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది. డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. "ఇద్దరూ ఒక్కరేనని ఎట్ల నమ్మాలమ్మా?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అయితే ఏం కావాలని అడిగితే, ఇద్దరూ ఒక్కరేనని ఇంకో ఆఫీసు నుంచి రాయించుకు రమ్మన్నాడు. ఆ ఆఫీసుకు పోతే, అలాంటిది మేం ఇవ్వం, పన్ను రికార్డు ఎవరిదో వాళ్లే దిద్దాలి అన్నారు. మళ్లీ ఇక్కడికి, మళ్లీ అక్కడికి. ఒక రోజు ఆ అబ్బాయి ఫైలు నా వైపు తోసి, "ఇంట్ల మొగోళ్లెవరూ లేరా? ఉంటే వాళ్లను పంపుండ్రి, మీకు చెప్తే అర్థమైతలేదు" అన్నాడు. పక్క లైన్లో నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్లవాడు నిలబడి ఉన్నాడు, ఇప్పుడు వాడికే పిల్లలు. తల దించుకున్నాడు పాపం. హైస్కూల్లో వేల మందికి లెక్కలు చెప్పినదాన్ని, నాకు అర్థం కాకపోవడం ఏమిటి? ఇంటి పన్ను కడుతున్నది నేను, బ్యాంకు ఖాతా నాది, ఓటు నాది. ఆఫీసుల్లో ఇలా మాట్లాడే వాళ్లకు ఎదురు చెప్పకపోతే రేపు ఇంకో ఆమెనూ ఇలాగే వెనక్కి పంపుతారు.

ఆ రోజు నుంచి నోటితో అడగడం మానేశాను. పేరు తేడా గురించి నోటరీ అఫిడవిట్ చేయించి, మా వారి ఆధార్, పాత లింక్ డాక్యుమెంట్ (ఆస్తి ఆయనకెలా వచ్చిందో చూపే పాత దస్తావేజు) జత చేసి, దరఖాస్తు రాసిచ్చి, నా కాపీ మీద స్వీకరించినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాను. తర్వాత సమాచార హక్కు చట్టం, 2005 కింద అడిగాను: నా ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంది, ఏ నిబంధన ప్రకారం ఆపారు? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు రాకముందే ఫోన్ వచ్చింది, "మేడం, మీ పని అయిపోయింది" అని. ఆ రెండో ఆఫీసు కాగితం మళ్లీ ఎవరూ అడగలేదు.

మిగతావన్నీ తేలికే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లలిద్దరికీ నాతో సమానంగా వాటా ఉంది. వాళ్లు వచ్చి తమ వాటా నాకు వదులుకుంటూ హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించారు. వకీలు నోటీసు అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టులో వెళ్లింది. కిరాయిదారు తనే ఇంటికి వచ్చి, "మూడేళ్లకు రాసుకుందాం మేడం" అన్నాడు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయాల్సిందే. ఎవరైనా నోటరీ చాలు అంటే వినకండి, రేపు కోర్టులో అది నిలబడదు.

దస్తావేజులు రాసే ఆయనతో మాత్రం ఒక గొడవ అయింది. మొదటి ఏడు కిరాయి 10,000, ఆపై ఏటా 5 శాతం పెంపు అని రాసుకున్నాం. ఆయన మూడో ఏడు కిరాయి 11,000 అని టైప్ చేశాడు. 10,500 మీద 5 శాతం 525, అంటే 11,025 అని చెప్పాను. "ఇరవై అయిదు రూపాయలకేముంది మేడం" అన్నాడు. డీడ్‌లో శాతం ఒకటి, అంకె ఇంకోటి ఉంటే రేపు ఏది చెల్లుతుందని తగాదా వస్తుంది. స్టాంపు డ్యూటీ లెక్కేసేదీ ఆ అంకెల మీదే. అక్కడే కాగితం మీద మూడేళ్ల మొత్తం 3,78,300 అని వేసి చూపించాను. దిద్దాడు. మీరు కూడా సంతకానికి ముందు అంకెలూ, అక్షరాలూ రెండూ చదవండి. రాసేవాళ్లను నమ్మి వదిలేయకండి.

రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని, ఇద్దరు సాక్షులతో వెళ్లాం. వేలిముద్రలు, ఫోటోలు అయ్యాయి, బయటికొచ్చాం. రెండో మడిగెలో టైలరింగ్ చేసుకునే అమ్మాయికి కిరాయి ఇప్పుడే పెంచను, ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు. కానీ ఆమెకూ పాత కాగితమే ఉంది కనుక, అదే కిరాయికి నా పేరు మీద కొత్తది రాయించడానికి స్లాట్ బుక్ చేశాను.