సైలెన్సర్ మీద మొండి మరకలు: రాయగడ షెడ్డు పని చిట్టా

బల్ల మీద ఇప్పుడు మూడున్నాయి. క్రోము పోత ఉన్న పాత స్ప్లెండర్ బెండ్ పైపు (ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తీసుకెళ్లే వంపు గొట్టం), బుల్లెట్ బెండ్ పైపు, ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్. మూడింటి మీదా నల్లగా కనిపించేది ఒకటి కాదు, అందుకే మందూ ఒకటి కాదు. ఏ మరకో తేల్చుకోకుండా ఇనుప బ్రష్షు పట్టుకుంటే మరక కన్నా ముందు పోత పోతుంది.

ఈ పక్క బళ్ల మీద కనిపించే మరకలు దాదాపు ఇవే. ఒడిశాలోని రాయగడ, గుణుపురం సంతల్లో హ్యాండిల్‌కు వేలాడదీసిన కవరు బెండ్ పైపుకు తగిలి కరిగిపోతుంది. వానాకాలంలో రెయిన్‌కోటు అంచు అంటుకుంటుంది. రోడ్డు పని జరిగే చోట తారు చుక్కలు పడతాయి. ఘాట్లో ఎర్రమట్టి బురద వేడి పైపు మీద పడి పెచ్చులా గట్టిపడుతుంది. బరంపురం వైపు నుంచి వచ్చే బళ్లకు వీటికి తోడు సముద్రపు గాలి తుప్పు. కార్బురేటర్ బళ్లకు ఇంకో సంగతి: మైదానంలో సరిచేసిన బండి సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్ ఎక్కేసరికి గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది, సైలెన్సర్ మూతి నల్లబడుతుంది. అది మసి, గుడ్డతో తుడిస్తే పోతుంది. దానికి రసాయనాలు అక్కర్లేదు.

స్ప్లెండర్ పైపు: కరిగిన ప్లాస్టిక్

ఇది పైపు బండికి ఉండగానే చెయ్యాల్సిన పని. ఇంజన్‌ను రెండు నిమిషాలు ఐడిల్‌లో తిప్పి ఆపాలి. మరక పక్కన నీటి చుక్క వేసి చూడాలి. చుక్క మెల్లగా బుడగలొచ్చి ఆవిరైతే వేడి సరిపోయింది. చుక్క గంతులేస్తే పైపు ఎక్కువ కాలింది, ఆగాలి. సంత కవర్ల పాలిథిన్ 105 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడుతుంది కాబట్టి ఈ నీటి చుక్క కొలత సరిగ్గా పనికొస్తుంది. ఉలిలా ఏటవాలుగా చెక్కిన వెదురు బద్దతో ఒకే దిశలో తొయ్యాలి. బద్ద మీద చేరిన జిగురును ప్రతిసారీ బనియన్ వేస్టుకు తుడిచెయ్యాలి, లేకపోతే తీసిందే మళ్లీ పైపుకు పూస్తాం. చల్లారితే మళ్లీ వేడి చెయ్యాలి. ఒక్క వేడికి మొత్తం రాదు. చేతికి తోలు గ్లవ్స్ ఉండాలి. రబ్బరువి వేసుకుంటే అవీ పైపుకు అంటుకుంటాయి.

అసిటోన్, థిన్నర్ పోసి రుద్దేవాళ్లున్నారు. పాలిథిన్ మీద అవి పనిచెయ్యవు, కాలిన పైపు మీద మాత్రం ఠక్కున మంటందుకుంటాయి. బ్రేక్ క్లీనర్ కూడా అంతే. క్లోరిన్ ఉన్న రకమైతే వేడి లోహం మీద విషవాయువు పుడుతుంది.

రెయిన్‌కోటు మరకను విడిగా చూడాలి. చాలా రెయిన్‌కోట్లు పీవీసీ. అది కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. మరక చుట్టూ కనిపించే సన్నటి తుప్పు గీత దాని పనే. అందుకే రెయిన్‌కోటు అంటుకున్న పైపును “తర్వాత చూద్దాంలే” అని వదిలెయ్యకూడదు. గీకేటప్పుడూ షెడ్డు తలుపులు తీసే ఉంచాలి.

మెత్తటిదంతా పోయాక గోధుమ రంగు పొర మిగిలింది. ఇది ప్లాస్టిక్ కాదు, మాడిన కార్బన్. దీనికి వేడి కాదు, కాస్టిక్ సోడా కావాలి. ఇక్కణ్నుంచి పైపు విప్పాల్సిందే, ఎందుకంటే కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంజన్ కేసు మీద ఒక్క చుక్క పడినా తెల్లమచ్చ పడుతుంది. ఫ్లాంజ్ దగ్గర, అంటే పైపును ఇంజన్‌కు బిగించే పట్టీ దగ్గర, తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. నట్టు ఎక్కే స్టడ్డు విరిగితే ఇంజన్ పైభాగమైన హెడ్డు దించాల్సి వస్తుంది.

అర లీటరు చల్లటి నీళ్లలో 25 గ్రాముల కాస్టిక్. నీళ్లలో సోడా వెయ్యాలి, సోడా మీద నీళ్లు పోస్తే ఉడికి మొహం మీదకు చిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. గుడ్డ పేలికను అందులో తడిపి చల్లటి పైపు మీద మరకకు చుట్టి, ఆరిపోకుండా పైన పాలిథిన్ చుట్టి అరగంట ఉంచాలి. విప్పి తుడిస్తే పొర నల్లటి జిగురులా వస్తుంది. రాకపోతే ఇంకో అరగంట పెట్టాలి తప్ప గీకకూడదు. తర్వాత నీళ్లు ధారగా పోసి కడిగి, వెనిగర్‌తో ఒకసారి తుడిచి, మళ్లీ నీళ్లు. స్ప్లెండర్ పైపు ఇక్కడిదాకా వచ్చింది. తుప్పు గీత ఇంకా ఉంది.

బుల్లెట్ పైపు: తారు, తుప్పు, నీలిరంగు

తారుకు డీజిల్ చాలు. పైపు పూర్తిగా చల్లారాక డీజిల్‌లో తడిపిన గుడ్డను ఇరవై నిమిషాలు కప్పి ఉంచితే తారు కారిపోతుంది. తర్వాత సబ్బునీళ్లతో డీజిల్ మొత్తం పోయేదాకా కడగాలి. మిగిలిన డీజిల్ స్టార్ట్ చేయగానే మాడి కొత్త మరక అవుతుంది.

ఎర్రమట్టి పెచ్చును పొడిగా రుద్దకూడదు. దాంట్లో ఇసుక ఉంటుంది. తడిగోనె కప్పి గంట నానబెడితే వేలితో తోస్తే పోతుంది.

తుప్పు చుక్కలకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో ముంచి రుద్దాలి. క్రోము కన్నా అల్యూమినియం చాలా మెత్తన, అందుకే గీతలు పడవు. రుద్దుతుంటే బూడిదరంగు గుజ్జు వస్తుంది, దాన్ని తుడుస్తూ పోవాలి. మొండిగా ఉంటే నాలుగు సున్నాల నంబరు ఇనుప పీచును మెషిన్ ఆయిల్‌లో ముంచి తేలిగ్గా. అంట్లు తోమే ఆకుపచ్చ పీచు వద్దు, అది క్రోమును మసకబారుస్తుంది. స్టెయిన్‌లెస్ పైపులకైతే మామూలు ఇనుప పీచు కూడా వద్దు. ఇనుప రజను అందులో ఇరుక్కుని నెలతిరక్కుండా తుప్పు చుక్కలు పెడుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పైకి కనిపించే క్రోము పొర చాలాసార్లు అర మైక్రాన్ మందం కూడా ఉండదు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కింద ఉండేది నికెల్. సాండ్ పేపర్ వేస్తే ఆ పొర నాలుగు రుద్దుల్లో మాయం. ఇక బాత్‌రూమ్ ఆసిడ్ పోస్తే తళతళలాడుతుంది, నిజమే. ఆ ఆసిడ్ క్రోమునే కరిగిస్తుంది. తర్వాత వానకే పైపు ఎర్రబడుతుంది.

ఇంజన్ దగ్గర కనిపించే బంగారు, నీలి రంగులు మరకలు కావు. లోహం అతిగా వేడెక్కితే పైన ఏర్పడే ఆక్సైడ్ పొర అది. మెటల్ పాలిష్‌తో కొంత తగ్గుతుంది, కానీ కారణం సరిచెయ్యకపోతే మళ్లీ వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు తక్కువ కావడం, టైమింగ్ వెనకబడటం (ప్లగ్గు నిప్పురవ్వ ఆలస్యంగా పడటం), హెడ్డు దగ్గర పైపు అతుకులో ఉండే గాస్కెట్ గాలి పీల్చడం, ఈ మూడూ ముందు చూడాలి. ఈ బుల్లెట్‌కు గాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉంది, కాబట్టి అదే. కొత్త గాస్కెట్ వేసేదాకా ఆ రంగు జోలికి వెళ్లడం దండగ.

ఆర్‌ఎక్స్ 100: లోపలి మసి

1996లో తయారీ ఆగిపోయిన బండి ఇది. అసలు సైలెన్సర్ దొరికితే పారెయ్యరాదు. టూ స్ట్రోక్, అంటే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాలే ఇంజన్ కాబట్టి మరక లోపలిదే. వెనక మూతి దగ్గర బోల్టు తీసి బఫెల్‌ను, అంటే చప్పుడు తగ్గించే రంధ్రాల లోపలి గొట్టాన్ని, పట్టకారుతో మెల్లగా తిప్పుతూ లాగాలి. రాకపోతే చుట్టూ డీజిల్ పోసి రాత్రంతా ఉంచాలి. సుత్తితో కొడితే మూతి సొట్టపోతుంది. గ్లాస్ ఊల్ చుట్టి ఉంటే విప్పేసి, బఫెల్‌ను బ్లో ల్యాంపుతో ఎర్రగా కాల్చి, చల్లారాక ఇనుప బ్రష్షు పట్టాలి. ఇక్కడ మొరటుతనం ఫరవాలేదు, బఫెల్‌ను ఎవరూ చూడరు. ప్రతి రంధ్రంలో సైకిల్ స్పోకు దూరాలి.

గొట్టానికి ముందువైపు చెక్క బిరడా బిగించి, నిలబెట్టి, పది శాతం కాస్టిక్ నీళ్లు పోశాం. లీటరుకు వంద గ్రాములు. పైమూతి తెరిచే ఉండాలి. బకెట్ ప్లాస్టిక్‌దే, అల్యూమినియం గిన్నె పొరపాటున కూడా వద్దు. నల్లరంగు వేసిన సైలెన్సర్ అయితే ఈ నీళ్లు తగిలిన చోటల్లా రంగు ఊడుతుంది, మళ్లీ వేడి తట్టుకునే రంగు కొట్టుకోవాల్సిందే. రాత్రంతా నానాక ఆ నల్లనీళ్లను డబ్బాలోకి వంచుకోవాలి, ఇంకో సైలెన్సర్‌కు పనికొస్తాయి. కాలవలోకీ మడిలోకీ వదలకూడదు. తర్వాత పాత సైకిల్ చైను ముక్క లోపల వేసి ఊపితే పెచ్చులు రాలతాయి. వేడినీళ్లతో నీరు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే లోపల కాస్త టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) తిప్పాలి. లేకపోతే సాయంత్రానికే లోపల తుప్పు.

కడిగాక కూడా వారంలో మళ్లీ జిడ్డుగా తడిస్తే తప్పు సైలెన్సర్‌ది కాదు. క్లచ్ వైపు క్రాంక్ సీలు (ఇంజన్ ఇరుసు చుట్టూ ఆయిల్ దాటకుండా ఆపే రింగు) అరిగి ఇంజన్ గేరు ఆయిల్‌ను పీలుస్తోందని అర్థం. తెల్లపొగ, తగ్గుతున్న గేరు ఆయిల్ దానికి గుర్తులు. సీలు మార్చకుండా ఎన్నిసార్లు కడిగినా అంతే. ఆయిల్ పంపు సెట్టింగు ఎక్కువున్నా ఇదే కనిపిస్తుంది, కానీ గేరు ఆయిల్ తగ్గదు.

మిగిలిన పని

ఏ పైపైనా బిగించాక మొదటి స్టార్ట్‌కు ముందు స్పిరిట్‌తో తుడవాలి. వేలిముద్రల జిడ్డు మొదటి వేడికే మాడి ఉండిపోతుంది, ఏ పాలిష్‌కీ సులువుగా లొంగదు. ఆర్‌ఎక్స్ 100కు ఇక బఫెల్ బిగించడమే మిగిలింది. స్ప్లెండర్‌కు ఫాయిల్ పని ఉంది. బుల్లెట్ పైపుకు అడుగువైపు వంపులో క్రోము నీలిఛాయ పోయి లేత పసుపు తేలింది, అంటే అక్కడ నికెల్ బయటపడింది. ఆ చోట ఇక ఫాయిల్ కూడా పెట్టడం లేదు. గాస్కెట్ వచ్చాక పోత వేయించేదీ లేనిదీ తేలుతుంది, అంతవరకూ బండి తియ్యని రోజుల్లో దాని మీద పలచగా నూనె రాసి ఉంచుతున్నాం.