"మొత్తం ఎంతవుతుందండీ?"

న్యాయవాద వృత్తిలో నేను చాలాకాలం తప్పించుకు తిరిగిన ప్రశ్న ఒకటి ఉంది. కాగితాలన్నీ చూసి, కేసు తీసుకుంటానని చెప్పి, వకాల్తా మీద సంతకం కూడా అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ కక్షిదారు కాస్త మొహమాటంగా అడిగే ప్రశ్న అది: "మొత్తం ఎంతవుతుందండీ?" దానికి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు, "ముందు దావా వేద్దాం, తరవాత చూసుకుందాం." ఈ మాట నేను నా సీనియర్ దగ్గర నేర్చుకున్నాను, ఆయన బహుశా తన సీనియర్ దగ్గర నేర్చుకుని ఉంటారు.

ఆ జవాబు నాకు మొదటిసారి ఇబ్బందిగా తోచింది ఒక ఆస్తి పంపకం దావాలో. కక్షిదారు ఒక పెద్దావిడ. దావా నడుస్తున్న రెండో ఏడాది ఒకరోజు ఆవిడ గీతల నోటుపుస్తకం ఒకటి తెచ్చి నా బల్ల మీద తెరిచారు. అప్పటిదాకా నాకిచ్చిన ప్రతి పైసా తేదీతో సహా అందులో ఉంది. "కోర్టు ఫీజు", "నకళ్లకు", "కోర్టు కమిషనర్‌కు" అని కొన్ని పద్దులు స్పష్టంగా ఉన్నాయి. మూడు చోట్ల మాత్రం "లాయరు గారికి" అని రాసి పక్కన ఖాళీ వదిలారు. ఆవిడ తగాదాకు రాలేదు. "ఇవి దేనికిచ్చానో రాసుకోలేదు బాబూ, మీరు చెప్తే రాసుకుంటాను" అని పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ఆ మూడింటిలో రెండింటికి నేను జవాబు చెప్పలేకపోయాను. డబ్బు దుర్వినియోగం కాలేదు, కానీ ఖర్చులకని తీసుకున్నది ఎప్పుడు నా ఫీజులో కలిసిపోయిందో నాకే తెలియలేదు.

అప్పటికి నేను చదివి కూడా పట్టించుకోని నియమం ఒకటి ఉంది. కక్షిదారు నుంచి తీసుకున్న డబ్బుకు న్యాయవాది లెక్క రాయాలనీ, ఏది ఫీజుకు, ఏది ఖర్చులకు అన్నది ఆ లెక్కలో కనిపించాలనీ, కేసు నడుస్తుండగా ఖర్చుల సొమ్మును రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఫీజు కింద మళ్లించకూడదనీ, అడిగితే ఆ లెక్క నకలు ఇవ్వాలనీ న్యాయవాదుల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతాయి. డబ్బు చేతికి వచ్చాక ఏం చేయాలో ఇంత వివరంగా చెప్పిన ఆ నియమాలు, డబ్బు అడగకముందు కక్షిదారుకు ఏం చెప్పాలన్న విషయంలో అంత వివరంగా లేవు. ఫీజు న్యాయవాది స్థాయికీ, కేసు స్వభావానికీ తగినట్టుగా ఉండాలన్నంతవరకే అవి వెళతాయి.

ఇతర దేశాలలో ఈ "ముందు చెప్పడం" గురించే ఎక్కువ ఆలోచించారు. ఫ్రాన్సులో 2015 చట్టం తరవాత, అత్యవసర పరిస్థితుల వంటివి మినహాయిస్తే, ఫీజు ఒప్పందం రాతలో ఉండి తీరాలి. జర్మనీలో ఫీజు వివాద విలువను బట్టి లెక్క కట్టేదైతే ఆ సంగతి కేసు తీసుకోకముందే చెప్పాలి. కానీ నన్ను బాగా ఆలోచింపజేసింది లిథువేనియా నుంచి వెళ్లిన ఒక వివాదంలో 2023 జనవరి 12న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. అక్కడ న్యాయవాది తన ఫీజును దాచలేదు. గంటకు 100 యూరోలని ఒప్పందంలో రాసే ఇచ్చారు. అయినా, వినియోగదారుగా వచ్చిన కక్షిదారు తన నెత్తిన పడబోయే భారాన్ని అంచనా వేసుకుని నిర్ణయం తీసుకోవడానికి అదొక్కటే సరిపోదని న్యాయస్థానం అంది. కేసు ఎన్ని గంటలు పడుతుందో కచ్చితంగా ముందే చెప్పమని ఏ న్యాయవాదినీ అడగలేమని ఒప్పుకుంటూనే, కనీసం ఎన్ని గంటలు పట్టవచ్చన్న అంచనా అయినా, తగిన వ్యవధుల్లో లెక్క పంపుతానన్న హామీ అయినా ఇవ్వవచ్చు కదా అన్నది దాని తర్కం. రేటు చెప్పడం వేరు, ఖర్చు చెప్పడం వేరు. బస్తా ధర చెప్పి ఎన్ని బస్తాలు కావాలో చెప్పకపోతే ఇల్లు కట్టుకునేవాడికి ఏం తెలుస్తుంది?

"కేసు ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?" అని మా వాళ్లు అంటారు, నేనూ అనేవాడిని. ఆ మాటలో నిజం లేకపోలేదు. అవతలి పక్షం ఎన్ని వాయిదాలు తీసుకుంటుందో, ఎన్ని మధ్యంతర దరఖాస్తులు వేస్తుందో మన చేతిలో లేదు. అయితే దావా దాఖలు చేయడానికి ఎంత, సాక్ష్యం దశకు ఎంత, వాదనలకు ఎంత అని దశలవారీగా చెప్పగలం. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని చెప్పగలం. అంచనా తప్పుతున్నదని తెలిసిన రోజునే కబురు పెట్టగలం. ఇంగ్లండులో సొలిసిటర్లనే న్యాయవాదుల నియమావళి కూడా కేసు తీసుకున్నప్పుడే కాక, నడుస్తుండగా అవసరమైనప్పుడల్లా మొత్తం ఖర్చు గురించిన సమాచారం అందాలని అంటుంది. నిజం చెప్పాలంటే, నేను చెప్పకపోవడానికి కారణం అనిశ్చితి కాదు. మొత్తం వింటే మనిషి వెళ్లిపోతాడన్న భయం.

వాటా పద్ధతిలో ఈ వివరణ మరీ ముఖ్యం. అమెరికాలో కేసు గెలిస్తే వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడం చాలా రకాల కేసుల్లో చెల్లుతుంది, కానీ అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల ప్రకారం ఆ ఒప్పందం రాతలో, కక్షిదారు సంతకంతో ఉండాలి. ఖర్చులు వాటా లెక్క కట్టకముందు మినహాయిస్తారా, తరవాత మినహాయిస్తారా అన్నది కూడా అందులో ఉండాలి. చూడటానికి చిన్న మాటే. 90 వేల డాలర్లు వచ్చి, 30 వేలు ఖర్చయి, న్యాయవాది వాటా మూడో వంతు అనుకుందాం. ఖర్చులు ముందు తీసేస్తే న్యాయవాదికి 20 వేలు, కక్షిదారుకు 40 వేలు. తరవాత తీస్తే ఇద్దరికీ చెరో 30 వేలు. మన దేశంలో ఈ పద్ధతే నిషిద్ధం. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కక్షిదారుకు వచ్చిన మొత్తంలో శాతం చొప్పున ఫీజు అడగడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. ఫీజు బాకీ ఉందని కక్షిదారు ఫైలును అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని అదే కోర్టు 2000లో చెప్పి ఉంది. ఈ రెండో సంగతి చాలామంది కక్షిదారులకు ఇప్పటికీ తెలియదు. తెలియజెప్పే తొందర మాలో ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలు 2015 నుంచి అమలు చేస్తున్న చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. మొత్తం ఖర్చు అంచనా చెప్పాల్సిన చోట చెప్పకపోతే ఫీజు ఒప్పందమే చెల్లదు. అంతకంటే నాకు నచ్చింది మరొకటి: కాగితం చేతిలో పెట్టి ఊరుకుంటే చాలదు, చేయబోయే పనినీ, దానికయ్యే ఖర్చునూ కక్షిదారు అర్థం చేసుకుని ఒప్పుకున్నాడని న్యాయవాది తగిన ప్రయత్నం చేసి తెలుసుకోవాలి.

దాన్ని చదివాక నేను ఒక అలవాటు చేసుకున్నాను. దశలు, అంచనాలు, ఫీజు వేరుగా ఖర్చులు వేరుగా, ఓడితే అవతలి వారి ఖర్చులు కట్టాల్సి వచ్చే అవకాశం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చి, "మీకేం అర్థమైందో ఒకసారి నాకు చెప్పండి" అంటాను. మొదట్లో పరీక్ష పెడుతున్నట్టుగా ఉండి నాకే సిగ్గనిపించేది.

ఈమధ్య బాకీ వసూలు దావా కోసం వచ్చిన ఒకాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, పై అంకె మీద ఒకసారి, కింది అంకె మీద ఒకసారి వేలు పెట్టి, "అంటే, గెలిచినా నాకు పెద్దగా మిగిలేదేమీ లేదన్నమాట" అన్నారు. అవునన్నాను. ఆ రోజు సంప్రదింపుకు ఎంత తీసుకుంటానో ముందే ఫోనులో చెప్పి ఉన్నాను కాబట్టి, అది లెక్కపెట్టి ఇచ్చి, రసీదు అడిగి తీసుకుని, ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.