టీలో ముంచిన బిస్కట్టు

జనవరిలో ఒక ఉదయం, టీలో ముంచిన బిస్కట్టు ముక్క నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది. తిన్నది నేను కాదు. నా చేతిలోంచి ఆడగుర్రం తిన్నది. మర్నాడు సాయంత్రం దానికి పందెం ఉంది.

సరిగ్గా అప్పుడే పశువైద్యురాలు వచ్చింది. అరవలేదు. నా గ్లాసు ఎత్తి వాసన చూసింది, చేతిలోని కాగితం మీద గుర్రం పేరు కొట్టేసి వెళ్ళిపోయింది. ఆమె అన్న నాలుగు మాటలను, గుర్రాలను సాకే మా సాయీసుల్లో పెద్దాయన నాకు ఉర్దూలో అప్పజెప్పాడు. హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో ఇరవై ఏళ్ళు చేసి దుబాయి వచ్చిన మనిషి ఆయన. "టీలో ఉండే కెఫీన్ దాని మూత్రంలో తేలుతుంది. గెలిచినా గెలుపు పోతుంది. అంత ముద్దొస్తే నీ పిల్లలకు పెట్టుకో."

ఆ చివరి మాట ఆమె అన్నదో, ఈయన కలిపాడో ఇప్పటికీ తెలియదు. గుచ్చుకున్నది మాత్రం అదే. నా పిల్లలు నిర్మల్ దగ్గర ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు నా చేత్తో ముద్ద కలిపి పెట్టి రెండేళ్ళు దాటింది.

మూడు రోజులు లోపల్లోపల ఉడికిపోయాను. పశువుకు పెట్టడం తప్పు ఎప్పటినుంచి అయింది? పొలాల అమావాస్యనాడు ఎడ్లు తిన్నాకే కదా మనం విస్తరి ముందు కూర్చునేది. మా నాన్న తన పళ్ళెంలోంచి తీసి పెట్టని రోజు లేదు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ప్రేమించడం నేర్పుతారా అనుకున్నాను. అసలు కోపం వేరే ఉందేమో కూడా. గుర్రం ఉండే గదికి ఏసీ ఒకటి, మేము ఎనిమిది మందిమి ఉండే గదికీ ఒకటే. దానికీ పాస్‌పోర్టు ఉంటుంది. మనం సంతలో ఎద్దును కొనేముందు చూసినట్టే, దాని ఒంటిమీది మచ్చలూ సుడులూ ఎక్కడెక్కడున్నాయో అందులో గీసి ఉంటాయి. దాని పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. నాదీ అక్కడే ఉంది. చట్టం ప్రకారం నాది నా దగ్గరే ఉండాలి, గుర్రానికైతే ఆ పట్టింపు లేదు.

నాలుగో రోజు పెద్ద సాయీసు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చాక్లెట్టు కూడా అంతేనట, గసగసాలూ అంతేనట, పరీక్షలో పట్టుబడతాయి. సాయీసు బద్ధకించి గుర్రం పడుకునే గడ్డిలో మూత్రం పోసినా, వాడు వేసుకున్న మాత్ర గుర్రం ఒంట్లో తేలవచ్చు. ఇవన్నీ పందెం సంగతులు, నా కోపం తగ్గలేదు. తగ్గించింది ఇంకో మాట. "గుర్రం కక్కలేదు. లోపలికి పోయింది ముందుకు సాగాల్సిందే. ఆగిందంటే కడుపునొప్పితోనే చచ్చిపోవచ్చు."

ఎడ్ల మధ్య పెరిగిన నాకు అది తెలియదు. ఎద్దు తిన్నది మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నెమరు వేస్తుంది. అంత పెద్ద గుర్రానికి పొట్ట మాత్రం చిన్నది. అందుకే ఎండుగడ్డి రోజంతా కొంచెం కొంచెంగా పడుతూ ఉండాలి. అప్పటినుంచి తెల్లవారుజామున లేవగానే నేను మొదట చూసేది లద్దె, అంటే గుర్రం పేడ. రోజూ ఎన్నిసార్లు వేస్తుంది, గట్టిగా ఉందా, పొడిగా ఉందా. తరువాతే మాలీసు, డెక్కల్లో ఇరుక్కున్న మట్టి తీయడం, నీళ్ళ తొట్టి కడగడం. ఫిబ్రవరిలో ఒక రాత్రి పక్క గదిలోని గుర్రం లద్దె వేయలేదని, మాటిమాటికీ తన కడుపు వైపు చూసుకుంటోందని చెప్పింది నేనే. ఆ వైద్యురాలు అర్ధరాత్రి వచ్చింది. తెల్లారేదాకా ఆమె చెప్పినప్పుడల్లా దాన్ని నడిపించాను. బతికింది. ఆమె నాకు ఏమీ చెప్పలేదు, ఒక సీసా నీళ్ళు ఇచ్చింది.

గుర్రం వల్ల నాకు ఒరిగింది ఏమిటంటే, నాడి చూడటం వచ్చింది. దవడ కింద వేలు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. ఊరికే నిలబడి ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. అప్పులవాడు ఫోను చేసిన రోజు నేను చేయి వేస్తే, ఆడగుర్రం చెవులు వెనక్కి పెట్టి మెడ తిప్పేసుకునేది. కాబట్టి బయట నిలబడి, ఊపిరి కుదుటపడ్డాకే లోపలికి వెళ్ళడం అలవాటయింది. ఫోనులో అరవడం మానేశానని మా ఆవిడ అంటోంది.

ఆగస్టు వచ్చింది. ఎండలో పనిచేసేవాళ్ళకు ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా పని ఆపేస్తారు. ఆ వేళలో, పొలాల అమావాస్య మర్నాడు నాన్నకు ఫోను చేశాను.

"ఏరా, మీ దొరసాని గుర్రానికి ఏం పెట్టావు పండగకు?"

"ఒక క్యారెట్. డాక్టరమ్మను అడిగి."

"ఒక్కటేనా!" నాన్న చాలాసేపు నవ్వాడు. మన ఎడ్లకు భక్ష్యాలు కడుపునిండా పెట్టారట. తరువాత ఏదో గుర్తొచ్చినట్టు, "ముసలిది మాత్రం పొద్దుటినుంచి మేత ముట్టలేదు, నెమరు కూడా వేయడం లేదు. ఎండకేమోలే" అన్నాడు.

"పేడ వేసిందా నాన్నా?" అని అడిగాను.