ఆ గొంతు ఫోన్‌లో ఉండగానే

ఇంట్లో మనిషి పోయాక పెద్దకర్మ పనుల్లో పడి వాళ్ల ఫోన్ సంగతి మరిచిపోతాం. రీచార్జ్ మాత్రం ఆపకండి. 90 రోజులు వాడకపోతే సిమ్ ఆగిపోవచ్చు, ఆపైన నంబరు ఇంకెవరికో వెళ్తుంది. 120 రోజులు తెరవని వాట్సాప్ ఖాతానూ సాధారణంగా తీసేస్తారు.

"తిన్నావా నాన్నా" అనే ఆరు సెకన్ల వాయిస్ మెసేజ్‌కి సాటి వచ్చే ఫోటో లేదు. మీ ఫోన్‌లో ఆ చాట్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియాతో సహా డ్రైవ్‌లో దాచండి. డౌన్‌లోడ్ కానివి అందులోకి రావు, కాబట్టి ముందు అన్నీ ఒక్కొక్కటిగా వినండి. ఫైల్ పేర్లు మార్చకండి, తేదీ వాటిలోనే ఉంటుంది.

పాత ఫోటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ గీత ముందువైపు ముఖం మీద తేలుతుంది.